శాలువాల సంచి

మా కాలనీ తెలుగు సంఘం దగ్గర ఏడాది పొడుగునా ఒక సంచి నిండా శాలువాలు ఉంటాయి. సూరత్‌లో బట్టకేం కరువు? రింగు రోడ్డు మార్కెట్లో టోకున కొనుక్కొస్తారు, ఎర్రవి కొన్ని, ఆకుపచ్చవి కొన్ని, అంచుకు జరీలాంటి మెరుపు. బతుకమ్మ అయినా, పదో తరగతి పాసైన పిల్లలకు బహుమతులైనా, కాలనీకి కొత్త వీధి దీపం వచ్చినా, వేదిక ఎక్కిన మనిషి ఉత్త భుజాలతో దిగడానికి వీల్లేదు. ఒకసారి మైకు వైరు సరిచేయడానికి ఎక్కినాయనకు కూడా కప్పేశారు. మా వరస ఏమిటంటే, ముందు శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం, ఆ తర్వాత పక్కవాణ్ణి మెల్లగా అడుగుతాం, ఈయన ఎవరు అని.

దీన్ని చూసి నేను చాలా ఏళ్లు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు. ఆ సంచిలోకి ఏం పోయాయో, ఎలా బయటికి వచ్చాయో ఉన్నదున్నట్టు రాయాలని కూర్చున్నాను. రాయొద్దన్నవాళ్లు ఉన్నారు. సంఘం పరువు పోతుందట. పోయేదేదో అప్పుడే పోయింది, నేను రాస్తే కొత్తగా పోయేదేం లేదు.

మాది మగ్గాల కుటుంబం. నాన్న తెలంగాణ నుంచి వచ్చి బతికినన్నాళ్లూ పవర్‌లూమ్ నడిపాడు. మా ఊరివాళ్లు వాటిని సాంచెలు అంటారు. ఆయన పోయాక అమ్మ, నేను, చెల్లెలు కోసాడ్‌లోని సర్కారు కాలనీలో, మూడో అంతస్తులో ఉంటున్నాం. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివి మానేశాను. ఎంబ్రాయిడరీ చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించడం నా పని. మూటలు ఇంటికే వస్తాయి, చిన్న కత్తెర ఉంటే చాలు. చెల్లెలు మాత్రం ఆగకుండా చదివింది. కెమిస్ట్రీతో బీఎస్సీ పాసైంది. మా ఇంట్లో డిగ్రీ అనే మాట మొదట పలికింది అదే, మొదట తెచ్చిందీ అదే. దాని మార్కుల మెమోలు, డిగ్రీ పట్టా ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, నాన్న ఫోటో వెనకాల మేకుకు తగిలించేవాళ్లం. వానాకాలం గోడ చెమ్మెక్కితే అమ్మ ముందు ఆ ఫైలు తీసి తుడిచేది, తర్వాతే నాన్న ఫోటో.

అది డిగ్రీ పాసైన ఏడాది బతుకమ్మకు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, మెడలో ఏదో కార్డు. హజీరాలో ఒక పెద్ద కంపెనీకి మనుషుల్ని తీసుకునే ఆఫీసరునని చెప్పాడు. సంఘంలో అన్నీ చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, నాన్నతో కలిసి సాంచెలు నడిపినవాడు. మేమంతా కాకా అంటాం. కాక ఆయన్ని చేయి పట్టుకొని వేదిక మీదికి తీసుకుపోయాడు. ఎర్ర శాలువా. ఫోటో. చప్పట్లు.

తర్వాత ఆయన మైకు అందుకున్నాడు.

"నేను గూడ మీలాంటోన్నే. మా అయ్య భీవండిల సాంచెలు నడిపిండు. మన పిల్లలు గింత సదివి గిట్ల దారాలు కత్తిరిచ్చుకుంటనే ఉండాల్నా? నాకు ఒక్క పైస వద్దు. పైస అడిగేటోడు దొంగ, నేనే చెప్తున్న. మీ పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యుండ్రి, కంపెనీల చూపిచ్చి వారంల తెచ్చిస్త."

అక్కడే పడిపోయారు మావాళ్లు. ఎందుకు పడిపోయారో నాకు తెలుసు, వాళ్లను తిట్టబుద్ధి కాదు. మా పండగలకు రైల్వేలో, బ్యాంకుల్లో చేసే తెలుగువాళ్లు కూడా వస్తారు. మంచివాళ్లే. ముందు వరస కుర్చీల్లో కూర్చుంటారు, "అండీ" అని మాట్లాడతారు, ప్రసాదం తీసుకొని వెళ్లిపోతారు. వాళ్ల తెలుగు వేరు, మా తెలుగు వేరు. బూట్లు వేసుకున్న మనిషి నోట్లోంచి "గిట్ల" అనే మాట రావడం మావాళ్లు అంతకుముందు ఎప్పుడు విన్నారు? సొంత అన్నదమ్ముడు ఆఫీసరై తిరిగొచ్చినట్టు కొందరు ఆడవాళ్లు కళ్లు కూడా తుడుచుకున్నారు.

శాలువాలన్నీ అయిపోయి సంచి ఖాళీగా ఉంది. మర్నాడు కాక ఆ సంచి భుజాన వేసుకొని, ప్రతి బ్లాకూ ఎక్కి దిగి, చదువుకున్న పిల్లల ఫైళ్లు వసూలు చేశాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఎవరూ అడక్కపోయినా చేశాడు. మా ఇంటికి వచ్చేసరికి చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"జిరాక్సులు ఇస్తే సరిపోదా కాకా?"

"శాలువా కప్పినంక అనుమానపడుతమా బిడ్డా? అది మర్యాద గాదు."

లోపలి నుంచి అమ్మ అంది, "ఇయ్యే. అందరు ఇస్తుండ్రు. నువ్వొక్కదానివే సదివినవా?"

చెల్లెలు నా వైపు చూసింది. నేను మూట ముందు కూర్చొని ఉన్నాను. నాకూ నచ్చలేదు, ఆ మాటే అన్నాను. కానీ పెద్దమనిషి గుమ్మం ముందు సంచి పట్టుకొని నిలబడితే ఇద్దరు ఆడపిల్లల మాట ఎంత దూరం పోతుంది? ఫైలు మేకు మీంచి దిగి సంచిలోకి పోయింది. గోడ మీద చెమ్మ మరక ఒక్కటే మిగిలింది.

నిండిన సంచిని కాక అలాగే ఆ ఆఫీసరుకు అప్పజెప్పాడు. వారం పోయింది, నెల పోయింది. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. డాక్టరు పరీక్షకు ఇంత, యూనిఫాంకు ఇంత, గేటు పాసుకు ఇంత కట్టాలని. మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తారట. ఒక్క పైసా వద్దన్నవాడు ఒక్కసారిగా అన్నీ అడిగాడు. రెండు మూడు ఇళ్లవాళ్లు కట్టేశారు కూడా. చెల్లెలు కట్టనంది, నా సర్టిఫికెట్లు నాకు ఇచ్చేయండి అంది. అవి కంపెనీలో ఉన్నాయి, మధ్యలో తీసుకోవాలంటే దానికీ రుసుము కట్టాలి అన్నాడు. అప్పుడు నాకు మొత్తం తెలిసొచ్చింది. ముందు డబ్బు ఎందుకు వద్దన్నాడో, కాగితాలే ఎందుకు అడిగాడో. మేకను కట్టేసుకున్నాక తాడు ఖరీదు మనల్నే అడుగుతున్నాడు.

ఆ ఒత్తిడిలో ఉండగానే చెల్లెలికి నిజమైన పని ఒకటి తగిలింది. దాంతో చదువుకున్న ఒకమ్మాయి పాండేసరలో ఒక డైయింగ్ మిల్లు ల్యాబ్‌లో చేస్తోంది. సేటు ఇచ్చిన గుడ్డముక్క రంగుకు సరిగ్గా సరిపోయే రంగు కలిపి చూపించడం అక్కడి పని. ఇంకొకరు కావాలన్నారని చెబితే ఇది వెళ్లింది. మిల్లులోనే పరీక్ష పెట్టారు. గులాబీకి, ముదురు గులాబీకి మధ్య రంగు ఇచ్చి కలపమంటే కలిపిందట. మేనేజరుకు నచ్చింది. సోమవారం ఒరిజినల్స్ తెచ్చి చూపించి చేరిపొమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. "ఏం తీస్కపోవాలె అక్కా? జిరాక్సులు గూడ ఆ ఫైల్లనే ఉన్నయి" అంది.

దాని ముఖం చూసి నాకు కడుపు మండిపోయింది. మూడేళ్లు కాలేజీకి రెండు బస్సులు మారి పోయింది ఆ పిల్ల. నాన్న పోయిన నెలలో కూడా పరీక్ష రాసింది. దాని చదువు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి బీరువాలో ఉండడమేమిటి?

మర్నాడు పొద్దున్నే నేను హజీరా పోయాను. అమ్మ వద్దంది. "అంత పెద్ద కంపెనీ, నిన్నెవరు రానిస్తరే?" అంది. లోపలికి ఎవరు పోతామన్నారు, గేటు దాకా పోవడానికి ఎవరి అనుమతి కావాలి? రెండు బస్సులు మారి, లారీల దుమ్ములో నడిచి గేటు దగ్గర నిలబడ్డాను. కాపలాదారుకు ఆ మనిషి పేరు చెప్పి, ఫోన్లో ఉన్న ఫోటో చూపించాను. ఆయన లోపలి ఆఫీసుకు ఫోను చేసి అడిగాడు. అలాంటి పేరుగల మనిషి లేడు. బయట ఎవరి దగ్గరా ఒరిజినల్స్ తీసుకోవడం అనేదే వాళ్ల దగ్గర లేదు. ఇంతే జవాబు. ఇన్నాళ్లూ కాలనీ మొత్తం మోసిన ప్రశ్నకు, గేటు దగ్గర ఇంత సులువుగా జవాబు దొరికింది. వచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా కోపం.

అతనికి ఖటోదరాలో ఒక ఆఫీసు ఉందని డబ్బు కట్టిన ఇళ్లవాళ్లు చెప్పారు. పాత మగ్గాల షెడ్ల మధ్య ఒక బిల్డింగు, రెండో అంతస్తు. మర్నాడు అక్కడికి పోయాను. గాజు తలుపు వెనకాల ఒక బల్ల, బల్ల వెనకాల ఒక అమ్మాయి, ఆ అమ్మాయి వెనకాల ఇనుప బీరువా. సార్ లేరు, రేపు రండి అని హిందీలో చెప్పింది. బీరువా పైన మా శాలువాల సంచి, ఫైళ్లతో ఉబ్బి ఉంది. ఎర్రగుడ్డ మీద సంఘం పేరు తెలుగులో రాసి ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఆ సంచి మాది. ఇవ్వు" అన్నాను.

"సార్ చెప్పకుండా ఇవ్వలేను దీదీ."

సరే అని కిందికి దిగి, బస్సెక్కి ఇంటికి పోయి, ఆ రోజు కత్తిరించాల్సిన చీరల మూట భుజానేసుకొని మళ్లీ వచ్చాను. ధర్నా అంటే పని మానుకొని చేస్తారు. పని మానుకుంటే మా పొయ్యి వెలగదు. వాడి కోసం నా కూలీ నేనెందుకు పోగొట్టుకోవాలి? రెండో అంతస్తుకు పోయే మెట్ల మీద గోనెపట్టా పరిచి, మూట విప్పి, కత్తెర తీసి కూర్చున్నాను.

మెట్లెక్కే ప్రతి మనిషినీ ఒకటే అడిగాను, ఉద్యోగం కోసమా అని. అవునంటే, పైకి పోకండి, ఇతను కాగితాలు తీసుకొని తిరిగి ఇవ్వడు, నేను కంపెనీ గేటు దగ్గర అడిగి వచ్చాను, మీరూ పోయి అడగండి అని చెప్పాను. బీహారు పిల్లలకు హిందీలో, ఇక్కడివాళ్లకు గుజరాతీలో. సూరత్‌లో పుట్టినందుకు మూడు భాషల్లో కొట్లాడడం వచ్చు నాకు. కొందరు తిరిగిపోయారు. ఒకతను మాత్రం, నువ్వెవరు చెప్పడానికి అన్నాడు. కూర్చో, మీ సార్ వచ్చేదాకా నాతో పాటు కూర్చో, అప్పుడు ఇద్దరం కలిసి అడుగుదాం అన్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. కింద జరీ నూలు అమ్మే సేటు రెండుసార్లు వచ్చి చూసి, "షుం ఛే, బేన్?" అని సంగతేమిటో అడిగాడు. చెప్పాను. దారి మాత్రం వదిలి కూర్చోమని, కింద దుకాణానికి పోయి నాకు చాయ్ పంపాడు.

మధ్యాహ్నం ఒక నడివయసు మనిషి, వెంట కూతురు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, మెట్లెక్కారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాట విని తెలుగులోనే చెప్పాను. ఆయన నమ్మలేదు. ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"గిది సూడు బిడ్డా. కోసాడ్ సంఘమోళ్లు ఈ సారుకు శాలువా కప్పిండ్రు. గింత మంది పెద్దమనుషులు ఊకెనే కప్పుతరా?"

మా బతుకమ్మ ఫోటో. ఎర్ర శాలువా, పక్కన కాక నవ్వు, వెనకాల మా బ్యానరు. ఆ మూలన చెల్లెలు చప్పట్లు కొడుతూ. ఈ ఫోటోనే చూపిస్తూ ఆ ఆఫీసరు లింబాయత్‌లో, ఉధనాలో, తెలుగువాళ్లున్న ప్రతి గల్లీలోనూ తిరిగాడట. మేమిచ్చిన మర్యాదే అతనికి సర్టిఫికెట్ అయింది. మా పిల్లల సర్టిఫికెట్లు బీరువా మీద మూలుగుతుంటే, మేమిచ్చింది మాత్రం ఊరంతా తిరుగుతోంది.

"అది మా సంఘమే" అన్నాను. "కప్పింది మేమే. ఎవరని అడగకుండ కప్పినం. మా పిల్లల ఫైళ్లు గూడ పైన ఉన్నయి, అందుకే గిక్కడ కూసున్న."

ఆయన నా కత్తెర వంక, నా మూట వంక చూశాడు. తర్వాత కూతురి చేతిలోని ఫైలు తీసుకొని తన చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఇద్దరూ దిగిపోయారు.

కాసేపటికి పై నుంచి ఆఫీసు అమ్మాయి వచ్చింది. సార్‌తో ఫోన్లో మాట్లాడిందట. మీ చెల్లెలి ఫైలు ఒక్కటి ఇచ్చేయమన్నారు, తీసుకొని వెళ్లిపోండి అంది. ఫైలు చేతిలోనే ఉంది. నాన్న ఫోటో వెనకాల ఉండే ఆ నీలం ఫైలు, మూల దగ్గర అమ్మ అంటించిన టేపుతో సహా.

చేయి చాపితే చాలు. సోమవారం పోయి పనిలో చేరిపోతుంది. ఇంకేం కావాలి నాకు? అబద్ధం చెప్పను, చేయి సగం దాకా లేచింది. కానీ ఆ ఫైలు నాది కాదు, దాని మీద పేరు నాది కాదు. చెల్లెలికి ఫోను చేశాను.

"నీ ఫైలు ఇస్తరట. నీదొక్కటే. తీస్కొని రావాల్నా?"

వెనకాల అమ్మ గొంతు వినిపిస్తోంది, తెమ్మను, జల్ది తెమ్మను అని.

"అక్కా, ఆ సంచిల నాదొక్కదే ఉన్నదా?" అంది చెల్లెలు. "తీస్కుంటే మిగిలినయి ఇగ ఎవడిస్తడు? ఉండు, నేను గూడ వస్తున్న."

ఫోను పెట్టేసి ఆ అమ్మాయితో, సంచి మొత్తం ఇస్తేనే లేస్తాను అన్నాను. రేపు కూడా వస్తాను, ఎల్లుండి కూడా వస్తాను, చీరలకేం లోటు లేదు ఈ ఊళ్లో. మా చెల్లెలు వచ్చేసరికి పొద్దు వాలింది. ముఖం ఇంకా అలాగే ఉంది, భయంగా. పక్కన కూర్చొని, మూటలోంచి రెండో కత్తెర తీసుకొని ఒక చీర ఒళ్లో వేసుకుంది. డిగ్రీ చదివిన దగ్గర్నుంచి అది కత్తెర పట్టుకోవడం అదే మొదటిసారి. దారాలు వంకరటింకరగా కత్తిరిస్తుంటే తిట్టాను కూడా.

ఆ అమ్మాయి పై మెట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చి అడిగాను, నీకు ఈ పని ఎలా దొరికింది అని. మెల్లగా చెప్పింది. తను కూడా ఉద్యోగం కోసమే వచ్చిందట. ఒరిజినల్స్ తీసుకొని, కంపెనీలో ఖాళీ వచ్చేదాకా ఇక్కడ కూర్చోమన్నాడట. జీతం ఇంకా ఒక్కసారీ ఇవ్వలేదు. తన కాగితాలు అదే బీరువాలో ఉన్నాయి.

"తాళం ఎవరి దగ్గరుంది?" అని చెల్లెలు అడిగింది.

"నా దగ్గరే."

"మరి నీ కాగితాలకు కాపలా నువ్వే కాస్తున్నావా?"

ఆ మాట చెల్లెలు కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగింది. ఆ అమ్మాయి లోపలికి పోయింది. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు మెట్ల దాకా వినిపించింది. కాసేపటికి మా ఎర్ర సంచి రెండు చేతులతో ఎత్తుకొని, చంకలో తన ఫైలు పెట్టుకొని కిందికి దిగింది. తాళంచెవి బల్ల మీద వదిలేసి వచ్చానంది. ముగ్గురం కలిసి కింద సేటు దుకాణంలో సంచి విప్పి, ఒక్కో పేరూ చదివి చూసుకున్నాం. మా కాలనీ పిల్లలవన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయిని బస్సెక్కించి మేం ఇంటికి వచ్చాం.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. అదే రాత్రి కాక మా ఇంటికి వచ్చాడు. సంచి చూసి ముందు కళ్లకద్దుకున్నాడు. తర్వాత కూర్చొని, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, అసలు సంగతి చెప్పాడు.

"మంచి పని చేసినవు బిడ్డా. ఇగ గీ ముచ్చట గిక్కడికే బంద్ జెయ్యి. ఫోటో గ్రూపుల నుంచి తీసేద్దం. పోలీసుల కాడికి పోతే సంఘం పేరు ఖరాబైతది."

"ఫోటో మనం తీసేస్తే వాని ఫోన్ల నుంచి పోతదా కాకా?" అన్నాను. "వాడు దాన్నే చూపిచ్చుకుంట తిరుగుతుండు. లింబాయత్‌ల ఇంకో సంచి నింపుతుండొచ్చు ఇప్పుడు."

"మనమేం జేస్తమే? మనల్ని నవ్వుతరు."

"నవ్వనీ."

అమ్మ నా చేయి గిల్లింది. పెద్దమనిషితో అలా మాట్లాడొద్దని. నాకు కాక మీద కోపం లేదు. ఆయన మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కింది మా పిల్లల కోసమే. ఆయన తలదించుకుంటే నాకూ బాధగానే ఉంది. కానీ ఆయన ఒక్కడి తల కోసం ఊళ్లో ఉన్న పిల్లల చదువులన్నీ బీరువాల్లోకి పోనివ్వాలా? ఆ ఫోటోనే సంఘం వాట్సాప్ గ్రూపులో మళ్లీ పెట్టాను. దాని కింద రాశాను: "ఈ మనిషి దొంగ. శాలువా కప్పింది మనమే. ఇతను ఈ ఫోటో చూపించి వస్తే మీ కాగితాలు ఇవ్వకండి. కంపెనీ గేటు దాకా పోయి మీరే అడగండి. పని ఇచ్చేవాడు మీ సర్టిఫికెట్ చూస్తాడు, చూసి మీ చేతికే ఇస్తాడు. దాచుకుంటానన్నా, డబ్బు కట్టమన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తెలుగులో మాట్లాడినా సరే." మర్నాడు డబ్బు కట్టిన ఇళ్లవాళ్లను వెంటబెట్టుకొని ఠాణాకు పోయి, అదే ఫోటో జతచేసి ఫిర్యాదు ఇచ్చాం. అతను ఇంకా దొరకలేదు. ఖటోదరా ఆఫీసుకు మాత్రం పోలీసుల తాళం పడింది.

గ్రూపులో కొందరు నన్ను తిట్టారు. ఇంటి గుట్టు రట్టు చేసిందన్నారు. చదువుకున్న పిల్ల కూడా ఇలా మోసపోతుందా అని చెల్లెల్ని అన్నవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క మాటకు మాత్రం నేను ఊరుకోను. దొంగతనం జరిగిన ఇంటివాళ్లను పట్టుకొని, మీకు నిద్ర ఎలా పట్టింది అని అడుగుతారా? ఆ పిల్ల మొదటిరోజే జిరాక్సులు చాలవా అని అడిగింది. నోరు మూయించింది మనం. మర్యాద పేరుతో మూయించాం.

సోమవారం చెల్లెలు పాండేసర పోయింది. నీలం ఫైలు గుండెకు హత్తుకొని పోయింది. మేనేజరు కాగితాలన్నీ చూసి, జిరాక్సులు తీయించుకొని, ఒరిజినల్స్ అప్పటికప్పుడే దాని చేతికి ఇచ్చేశాడట. సాయంత్రం ఇంటికి రాగానే ముందు వాటిని మేకుకు తగిలించింది. గోళ్లలో గులాబీ రంగు ఉంది.

మళ్లీ బతుకమ్మ వచ్చింది. పాటలు అయ్యాక కాక మైకులో మా ఇద్దరి పేర్లు పిలిచాడు. పక్కన కుర్చీలో శాలువాలు మడతపెట్టి ఉన్నాయి, ఈసారి ఆకుపచ్చవి. నేను కదల్లేదు. చెల్లెలు మాత్రం లేచి వేదిక ఎక్కింది. కాక శాలువా విప్పేలోపల మైకు అందుకుంది.

"కాకా, నేను పాండేసరల ఫలానా మిల్లుల, ల్యాబ్‌ల పనిచేస్తున్న అని చెప్తున్న. మీరు నమ్మకుండ్రి. పోయి గేటు కాడ అడుగుండ్రి. ఉన్నదంటే అప్పుడు కప్పుండ్రి శాలువా."

మిల్లు పేరు గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పి దిగి వచ్చేసింది. ముందు వరసల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకాల నిలబడ్డ ఆడపిల్లలు కొట్టారు. కాక విప్పిన శాలువా చేతుల్లోనే పట్టుకొని నిలబడిపోయాడు. ఆయనకు కోపం వచ్చిందనే అనుకున్నాను.

ఆ వారంలో ఒకరోజు చెల్లెలు పనిలో ఉండగా గేటు నుంచి ల్యాబ్‌కు ఫోను వచ్చిందట. నీ కోసం ఒక ముసలాయన వచ్చాడు, ఇక్కడ నువ్వు నిజంగా పనిచేస్తున్నావా అని అడుగుతున్నాడు, చెప్పాలా అని. చెప్పండి అంది. రంగు చేతులు కడుక్కొని గేటు దగ్గరికి పరిగెత్తేసరికి ఆయన అప్పటికే రోడ్డు దాటి, మోకాళ్లు పట్టుకుంటూ బస్టాపు వైపు పోతున్నాడట.

సాయంత్రం సంఘం గ్రూపులో కాక దగ్గర్నుంచి ఒక మాట వచ్చింది. "పోయి అడిగిన. ఉన్నది." దాని కింద ఇంకేం రాయలేదు. ఆకుపచ్చ శాలువా ఆదివారం ఇంటికి తెచ్చి చెల్లెలికి కప్పి పోయాడు. ఫోటో మాత్రం ఎవరూ దిగలేదు.